ఆరో పళ్ళెం

హుడ్ రివర్‌లో బేరిపళ్ళు కోతకొచ్చిన వారం
ఆపిల్ డబ్బా ఒకటి మోసుకుని మా దుకాణంలోకి వచ్చాడు వార్డ్ ఇనాగాకి.
"మా నాయనమ్మవి. ఆరున్నాయి.
ఇన్సూరెన్సు వాళ్ళు వయసు అడుగుతున్నారు."

పళ్ళెం వయసు ముఖంలో ఉండదు.
పూలు, బంగారు అంచు, కొంగ రెక్క
ఎప్పుడైనా వేస్తారు, ఎవరివి చూసైనా వేస్తారు.
బోర్లించాలి.
అడుగు వలయం మీద వేలు తిప్పి
మెరుగు పట్టని చోట గరుకెంతో చూసి
అప్పుడు లైటు దగ్గరికి జరుపుకుని
ముద్ర చదవాలి.

"నిప్పాన్" అని ఉంటే మా తాత పలక పట్టకముందుది.
ఆ మాట మాకు తెలీదు, మా భాషలో రాయండన్నారు
ఇరవై ఒకటిలో ఇక్కడి కస్టమ్స్ వాళ్ళు.
అప్పట్నుంచి "జపాన్".
ఆరు చైనా అక్షరాలు కనబడితే మురిసిపోకూడదు,
ఎప్పుడో పోయిన మింగ్ చక్రవర్తి పేరు
అరిటా కుమ్మరి భక్తితోనో గడుసుతనంతోనో
రాసుకుని ఉంటాడు.
ముద్ర కూడా అబద్ధమాడుతుంది.
కాకపోతే దాని అబద్ధానికీ ఒక తేదీ ఉంటుంది.

మా ఇంట్లో గిన్నెల మీద చేసినవాడి పేరుండేది కాదు.
ఇచ్చినవాళ్ళ పేరు, చుక్కలు చుక్కలుగా కొట్టి.
ఏ పెళ్ళి వంటలోనో తారుమారై వచ్చిన
"ముసునూరి సుభద్రమ్మ" గిన్నె
ఇరవయ్యేళ్ళు మా పప్పు ఉడికించింది.
ఎవరావిడ? ఎవరికీ తెలీదు.
మా గిన్నెలో ఆవిడేం వండుకుందో.

ఐదు పళ్ళేలకి ఆకుల దండ, మధ్యన ఒక అక్షరం, కింద జపాన్.
ముప్ఫైల నాటివి, ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ.
వార్డ్ చెప్తూనే ఉన్నాడు:
నలభై రెండు, మే నెల. మోయగలిగినంతే తెచ్చుకోమన్నారు.
పళ్ళేలు పక్క తోట వర్నా టోలెఫ్సన్ తన కొట్టంలో దాచింది.
మూడేళ్ళకి తిరిగొస్తే ఊళ్ళో కొట్లవాళ్ళు
వీళ్ళకి ఉప్పు కూడా అమ్మలేదు.
వర్నా మాత్రం ఐదింటినీ తుడిచి తెచ్చింది.
ఆరోది ఇంకో మూడేళ్ళకి దొరికిందట, గడ్డిలో.
మంచులో నడిచొచ్చి ఇచ్చిందట, ఆయాసపడుతూ.
"మా ఇంట్లో పండక్కి పండక్కి చెప్పే కథ" అన్నాడు.
ఇంతలో ఫోను. నిచ్చెనలు చాలట్లేదని ఎవరో.
బయటికి వెళ్ళాడు.

ఆరోదాని వెనక గుడ్డ పట్టీ అంటించి ఉంది,
పసుపు తిరిగి, అంచులు గట్టిపడి,
దాని మీద సిరాతో ఆరు అంకె, జపనీయంలో.
మిగతావాటికి పట్టీల్లేవు, అంకెల్లేవు.
గోరువెచ్చని నీళ్ళలో దూది ముంచి
ఒత్తుతూ కూర్చున్నాను. పావుగంట.
ఊడింది.

మేడిన్ ఆక్యుపైడ్ జపాన్.

ఓడిన దేశం తన గిన్నెల అడుగున
తన ఓటమిని అచ్చేసుకున్న ఐదారేళ్ళు. అంతే.
అంతకు ముందు లేదు, తర్వాత లేదు.
నలభై రెండులో ఈ పళ్ళెం ఇంకా మట్టి.

తిప్పి చూశాను. అవే పూలనుకున్నవి
అవి కావు. వాటికి ఐదు రేకులు, వీటికి ఆరు.
పోర్ట్‌లాండ్‌లో ఎన్ని కొట్లు తిరిగిందో ఆవిడ
పగిలినదాని పోలిక కళ్ళలో పెట్టుకుని.
గడ్డిలో దొరికిందని చెప్పడానికి
దారంతా ఎన్నిసార్లు వల్లించుకుందో.

మరి ఈ పట్టీ?
అంకె ఆ నాయనమ్మ చేతిరాతే.
కాఫీకొచ్చిన వర్నా ఎప్పుడైనా
గిన్నెలు తోమడానికి చెయ్యేస్తుందనేమో.

మిగతా ఐదూ అద్దాల బీరువా పళ్ళేలు.
ఈ ఒక్కదానికే బంగారు అంచు సగం అరిగింది,
చాకు గీతలు, ఒక చోట సోయా మరక.
రోజూ దీన్లోనే తినేదన్నమాట.

తలుపు గంట మోగింది.
"ఏమైనా తేలిందా?"
"ఐదు ముప్ఫైల నాటివి" అన్నాను.
"ఆరోది?"
"తడిగా ఉంది. ఆరనివ్వండి."

పట్టీ నా బొటనవేలికి అంటుకుని ఉంది,
అంకె పైకి.